దారి చెప్పే పెట్టె
మామయ్య కబుర్లు

పిల్లలూ!

ఈ వేసవి సెలవుల్లో మా ఇల్లు సంతలాగా ఉన్నది. మా అక్కయ్యల పిల్లలంతా అమ్మమ్మ దగ్గరికి వచ్చేశారు. మా ఊరు రాజమహేంద్రవరానికి దగ్గరలోనే, గోదావరి గట్టు పక్కన. పగలంతా మామిడితోటలో కోతి కొమ్మచ్చి, సాయంత్రం గట్టు మీద షికారు, రాత్రి డాబా మీద పడకలు. ఆ డాబా మీద జరిగిన కబుర్లే ఈ నెల మీకు చెబుతాను.

మా పెద్దక్కయ్య కొడుకు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. పిల్లలందరికీ వాడు పెద్దన్నయ్య. మొన్న శనివారం వాడు మోటారు సైకిలు మీద దడదడమంటూ వచ్చి దిగాడు. కాళ్ళయినా కడుక్కోకుండానే, "మామయ్యా! నేనూ, నా స్నేహితులిద్దరూ జూలైలో మనాలి నుంచి లేహ్‌కు మోటారు సైకిళ్ళ మీద పోతున్నాం. అక్కడ నాలుగు రోజులు కొండల్లో నడుస్తాం కూడాను. దారి చూపే జి.పి.ఎస్. పెట్టె ఒకటి కొనాలి. అన్నిటికన్నా ఖరీదైనది కొనేస్తే సరిపోతుంది గదా?" అన్నాడు.

"ఖరీదైన చెప్పులు కొన్నంత మాత్రాన కాలికి సరిపోతాయటరా? ముందు అన్నం తిను. రాత్రి మాట్లాడుకుందాం," అన్నాను.

రాత్రి పడకలు వేశాక నేను నా ట్రంకుపెట్టె అడుగు నుంచి ఒక చిన్న పసుపు పచ్చని పెట్టె తీశాను. అది అరచేతిలో ఇముడుతుంది. ఒక మూల గీసుకుపోయి ఉన్నది. గార్మిన్ అనే కంపెనీ 2000లో తెచ్చిన ఈట్రెక్స్ అనే పరికరం అది. ఆ కంపెనీ పేరు ఎలా వచ్చిందో తెలుసునా? గ్యారీ, మిన్ అనే ఇద్దరు కలిసి 1989లో దాన్ని పెట్టారు. ఇద్దరి పేర్లూ కలిపితే గార్మిన్ అయింది.

చంటి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి పెదవి విరిచాడు. "ఇందులో బొమ్మలు లేవు. అమ్మ సెల్‌ఫోనులో అయితే రోడ్లన్నీ కనిపిస్తాయి. ఈ పెట్టె ఎందుకు?" అన్నాడు.

చంటి అడిగినది మంచి ప్రశ్న. దానికి జవాబు తెలియాలంటే, అసలు ఈ పెట్టె దారి ఎలా కనిపెడుతుందో తెలియాలి.

"అరుగో, ఆకాశం చూడండి," అన్నాను. "మన తలల పైన, 20,200 కిలోమీటర్ల ఎత్తున, అమెరికావారి ఉపగ్రహాలు ముప్ఫై దాకా తిరుగుతున్నాయి. ఒక్కొక్కటి రోజుకు రెండుసార్లు భూమిని చుట్టి వస్తుంది. మొదటిది 1978లో ఎగిరింది. మొత్తం ఏర్పాటు 1995కు పూర్తయింది. ఒక్కొక్క ఉపగ్రహంలోనూ అణుగడియారాలున్నాయి. 'నేను ఫలానా చోట ఉన్నాను, ఇప్పుడు సమయం ఇంత' అని అవి రాత్రింబగళ్ళు రేడియోలో చెబుతూనే ఉంటాయి. ఈ పెట్టె ఆ మాట వింటుంది. అంతే!"

"విన్నంత మాత్రాన మనం ఎక్కడున్నామో ఎలా తెలుస్తుంది?" అన్నది బుజ్జి.

"మెరుపు మెరిసిన తరవాత ఎంతసేపటికి ఉరుము వినబడిందో లెక్క పెడితే, పిడుగు ఎంత దూరాన పడ్డదో తెలుస్తుంది గదా? ఇదీ అంతే. రేడియో అలలు సెకండుకు మూడు లక్షల కిలోమీటర్లు పోతాయి. ఉపగ్రహం చెప్పిన మాట మన నెత్తిన చేరటానికి సెకండులో సుమారు పదిహేనో వంతు పడుతుంది. మాట ఎంత ఆలస్యంగా చేరిందో చూసి ఆ ఉపగ్రహం ఎంత దూరాన ఉన్నదో ఈ పెట్టె లెక్క కడుతుంది. ఒక ఉపగ్రహానికి ఒక తాడు కట్టి మన నడుముకు బిగించినట్టు ఊహించుకో. ఒక్క తాడే ఉంటే మనం ఎటైనా ఊగవచ్చు. మూడు తాళ్ళు బిగిస్తే? ఇక కదలలేం. మనం ఉండగలిగే చోటు భూమి మీద ఒక్కటే అవుతుంది."

"అయితే మూడు చాలునన్న మాట," అన్నాడు చంటి.

"చాలవు. నాలుగు కావాలి. ఎందుకంటే ఉపగ్రహాల గడియారాలు మంచివేగాని, ఈ పెట్టెలో ఉన్నది చౌక గడియారం. సెకండులో పది లక్షల వంతు తేడా వస్తే 300 మీటర్ల తప్పు వస్తుంది! ఆ తప్పు పట్టుకోవటానికి నాలుగో ఉపగ్రహం కావాలి. ఇంకో చిత్రం చెబుతాను. ఎత్తునా, వేగంగానూ తిరిగే ఉపగ్రహంలోని గడియారం రోజుకు సెకండులో పది లక్షల వంతులు 38 చొప్పున మన గడియారాలకన్నా ముందుకు పోతుంది. ఐన్‌స్టైన్ మహాశయుడు చెప్పిన సూత్రం ప్రకారం దాన్ని సరిదిద్దుతారు. సరిదిద్దకపోతే ఒక్క రోజులోనే 11 కిలోమీటర్ల తప్పు పేరుకుపోతుంది."

పెద్దన్నయ్య, "మామయ్యా, అమెరికావాళ్ళవేనా? మనవి లేవా?" అన్నాడు.

"లేకేం! రష్యావారికి గ్లోనాస్, ఐరోపావారికి గెలీలియో, చైనావారికి బైడూ ఉన్నాయి. మనది నావిక్. దాని మొదటి ఉపగ్రహం 2013 జూలై 1న ఎగిరింది. ఎక్కడి నుంచో తెలుసునా? మన శ్రీహరికోట నుంచే! 2023 మే 29న అక్కడి నుంచే వెళ్ళిన ఉపగ్రహంలో మనదేశంలోనే తయారైన అణుగడియారం ఉన్నది. నా పసుపు పెట్టెకు అమెరికావారి మాట ఒక్కటే వినిపిస్తుంది. కొత్త పెట్టెలు రెండు మూడు దేశాల ఉపగ్రహాలను కలిపి వింటాయి. కొండల మధ్య ఆకాశం చీలికలాగా కనిపిస్తుంది గనక, ఎన్ని ఎక్కువ ఉపగ్రహాలను వినగలిగితే అంత మంచిది. కొనేటప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే."

ఇప్పుడు చంటి ప్రశ్నకు వద్దాం. సెల్‌ఫోనులో కూడా ఇలాంటి చెవి ఉన్నది. పటాన్ని ముందే దింపి ఉంచుకుంటే, సిగ్నలు లేనిచోట కూడా ఫోను దారి చూపుతుంది. పట్నంలో తిరిగేవాడికి వేరే పెట్టె అక్కరలేదు. మరి లేహ్ దారిలోనో? తెర ఎండకు కనబడదు. వానలో తెర మీద చినుకు పడితే, వేలు పెట్టినట్టు భ్రమపడి ఏదో ఒకటి నొక్కేసుకుంటుంది. చేతికి మందపాటి తొడుగు ఉంటే పలకదు. చలికి బ్యాటరీ చప్పున నీరసిస్తుంది. పైగా మోటారు సైకిలు అదురు ఉన్నదే, అది కూడా చిన్నది కాదు. పెద్ద ఇంజన్ల అదురు చాలాకాలం తగిలితే తమ ఫోనులోని కెమెరా పాడు కావచ్చునని ఆపిల్ కంపెనీవారే 2021లో హెచ్చరించారు.

"వీటన్నిటినీ మించినది ఒకటున్నది," అన్నాను. "దారి చూసి చూసి ఫోను చచ్చిపోయిందనుకో. ఆపదలో కబురు చేయటానికి ఉన్న ఒక్క సాధనమూ పోయినట్టే. అందుకే ఫోనును జేబులో వెచ్చగా పడుకోబెట్టి, దారి చూసే పని ఇంకొకరికి అప్పగించటం మంచిది."

"అదే నేనూ అనేది!" అన్నాడు పెద్దన్నయ్య ఉత్సాహంగా. "5 అంగుళాల తెర ఉన్నది ఒకటి చూశాను, మోంటానా 700 అని. వేలితో నొక్కితే చాలు. అదే కొంటాను."

"రేపు పొద్దున తోటలో చూద్దాం," అని దీపం ఆర్పేశాను.

మర్నాడు పొద్దున్నే అందరం తోటకు పోయాం. పసుపు పెట్టెకు కొత్త బ్యాటరీలు వేసి, తోట బయట బయలులో పెట్టాను. రెండు మూడు నిమిషాలకు అది ఉపగ్రహాలను పట్టుకుని, ఏడు మీటర్ల తేడాలో చోటు చెప్పగలనన్నది. దట్టమైన మామిడిచెట్ల కిందికి తీసుకుపోయేసరికి అదే ఇరవై మీటర్లు అయింది. ఉపగ్రహాల మాట మనదాకా వచ్చేసరికి చాలా బలహీనంగా ఉంటుంది. తడి ఆకులు దాన్ని తినేస్తాయి. నిట్రంగా ఉన్న కొండచరియలైతే దాన్ని తిప్పికొడతాయి. నూతిలోకి అరిస్తే మన గొంతే రెండోసారి వినబడినట్టు, పెట్టెకు ఒకే మాట రెండు దారుల్లో వచ్చి లెక్క తప్పుతుంది. సొరంగంలో అసలే వినబడదు. మనాలి దాటగానే 9 కిలోమీటర్ల అటల్ సొరంగం ఉన్నది. అందులో జి.పి.ఎస్. పెట్టెకు చెవుడు వచ్చిందని కంగారు పడకూడదు. బయటికి రాగానే దానంతట అదే సర్దుకుంటుంది.

తరవాత బుజ్జి చేతికి పెట్టె ఇచ్చి, "కదలకుండా నిలబడి, ఉన్నచోటనే గిర్రున తిరుగు. బాణం గుర్తు ఏం చేస్తున్నదో చూడు," అన్నాను.

బుజ్జి తిరిగింది. "బాణం నాతోపాటే తిరుగుతున్నది. ఉత్తరం ఎటో దానికి తెలియనే లేదు!" అన్నది.

"ఇప్పుడు ఇరవై అడుగులు నడు."

నడిచింది. బాణం చటుక్కున సర్దుకున్నది.

చూశారా? నా పెట్టెలో దిక్సూచి లేదు. నిన్న ఇక్కడ, నేడు అక్కడ అని రెండు చోట్లు పోల్చుకుంటే తప్ప ఎటు పోతున్నామో దానికి తెలియదు. మోటారు సైకిలు ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది గనక ఇబ్బంది లేదు. కాని నడిచేవాడు మంచులో ఆగి, "ఎటు పోవాలి?" అని చూసుకునేటప్పుడు అది మోసం చేస్తుంది. అందుచేత కొండల్లో నడిచేవాడు విద్యుత్ దిక్సూచి కూడా ఉన్న పెట్టె కొనుక్కోవాలి. అది లేకపోతే జేబులో మామూలు దిక్సూచి ఉంచుకోవాలి.

గాలి ఒత్తిడిని బట్టి ఎత్తు చెప్పే సాధనం కూడా కొన్ని పెట్టెల్లో ఉంటుంది. సముద్ర మట్టం దగ్గర సుమారు 8 మీటర్లు ఎక్కితే ఒత్తిడి ఒక మిల్లీబారు తగ్గుతుంది. ఎత్తు తెలిసిన చోట దాన్ని సరిచేసి పెట్టుకోవాలి. దీనికి ఇంకో ఉపయోగం ఉన్నది. గుడారంలో కదలకుండా పడుకుని ఉండగానే ఎత్తు పెరిగినట్టు అది చూపిందంటే, కొండ పెరిగిందని కాదు. గాలి ఒత్తిడి పడిపోతున్నదన్న మాట! గాలివాన రావచ్చు, జాగ్రత్త పడాలి.

"ఎత్తు అంటే జ్ఞాపకం వచ్చింది," అన్నాడు పెద్దన్నయ్య. "లేహ్ దగ్గర ఖర్‌దుంగ్ లా కనుమ 18,380 అడుగులట. అక్కడ బోర్డు పక్కన నిలబడి ఫొటో తీయించుకుంటాను."

"తీయించుకో. కాని జి.పి.ఎస్. పెట్టెలు పట్టుకుపోయి కొలిచినవాళ్ళకు అది సుమారు 5,359 మీటర్లే వచ్చింది. అంటే 17,582 అడుగులు. పాత బోర్డు దాదాపు 800 అడుగులు ఎక్కువ చెప్పింది!"

పిల్లలంతా నవ్వారు. పెద్ద అక్షరాలతో రాసినంత మాత్రాన ప్రతిదీ నిజం కాదు. కొలిచి చూడటమే సైన్సు.

ఇక కొనుగోలు సంగతి. ఒక కాగితం మీద రెండు గళ్ళు గీసి, ఒకదానిలో "బండి", రెండోదానిలో "నడక" అని రాశాం. పిల్లలంతా తలో మాటా చెప్పారు.

బండికి కావలసినవి: తల వంచకుండా ఒక్క చూపులో కనబడే పెద్ద అక్షరాలు, ఎండ ఎంత పడితే అంత స్పష్టంగా కనిపించే తెర, బండి బ్యాటరీ నుంచి కరెంటు అందే తీగ, గతుకులకు ఊడిపోని బిగింపు, మలుపు మలుపుకూ దారి చెప్పే రోడ్ల పటం. గతుకులకు లోపలి బ్యాటరీలు కదిలి, పెట్టె ఆగిపోవటం కూడా కద్దు. తీగ ఉంటే ఆ బాధ ఉండదు. బిగింపు ఎంత గట్టిదైనా, ఒక దారంతో పెట్టెను హ్యాండిలుకు కట్టుకోవటం మరిచిపోకూడదు.

నడకకు కావలసినవి: తక్కువ బరువు, రోజుల తరబడి వచ్చే బ్యాటరీ, నీటిలో పడినా చెడని కవచం, చేతి తొడుగులతో కూడా నొక్కగలిగే మీటలు, కొండల ఎత్తుపల్లాలను గీతలతో చూపే పటం. పెట్టె మీద "ఐ.పి.ఎక్స్.7" అని ఉంటే, మీటరు లోతు నీటిలో అరగంట ఉన్నా చెడదని అర్థం.

"చూశావా?" అన్నాను పెద్దన్నయ్యతో. "నువ్వు చెప్పిన మోంటానా 5 అంగుళాల తెర బండికి మహారాజు. కాని బరువు సుమారు 400 గ్రాములు. అది సామాను మోసుకుంటూ కొండలెక్కేవాడి వీపునే అడుగు. 2019లో వచ్చిన ఈట్రెక్స్ 22ఎక్స్ చూడు. బ్యాటరీలతో సహా 142 గ్రాములు. తెర 2.2 అంగుళాలే. రెండు మామూలు పెన్ను బ్యాటరీలతో 25 గంటలు పనిచేస్తుందని కంపెనీవారి మాట. అందులో దిక్సూచి లేదు, దాని అన్నగారు 32ఎక్స్‌లో ఉన్నది. 2023లో వచ్చిన జి.పి.ఎస్. మ్యాప్ 67 అయితే లోపలే ఉన్న బ్యాటరీతో 180 గంటలట. కాని అది అయిపోతే కొండ మీద కరెంటు ఎవరిస్తారు? పెన్ను బ్యాటరీలు ఏ బడ్డీకొట్టులోనైనా దొరుకుతాయి. కాకపోతే మామూలు ఆల్కలైన్ బ్యాటరీలు చలికి త్వరగా దిగిపోతాయి. లితియంవి చలికి ఆగుతాయి. ఏ రకం వేశావో పెట్టెకు చెప్పాలి. చెప్పకపోతే ఎంత మిగిలిందో అది తప్పు చూపుతుంది."

పటం కొనటానికి మళ్ళీ డబ్బు పోయాలా అని వాడు అడిగాడు. అక్కరలేదు. ప్రపంచంలోని ఔత్సాహికులు 2004 నుంచి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే పటాన్ని కలిసి గీస్తున్నారు. అందులో నుంచి చేసిన పటాలు ఈ పెట్టెలకు ఉచితంగా దొరుకుతాయి.

మనం ఇవాళ పెద్ద బేరం మాట్లాడుతున్నాం గాని, చేతిలో పట్టే జి.పి.ఎస్. పెట్టెను జనానికి మొదట అమ్మినది మాగెల్లాన్ కంపెనీ, 1989లో. అప్పుడు దాని ఖరీదు సుమారు 3,000 డాలర్లు. పైగా అమెరికా ప్రభుత్వం సామాన్యులకు అందే సంకేతాన్ని కావాలనే కాస్త మసక చేసేది. వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. 2000 మే 1 రాత్రి ఆ మసక తీసేశారు. తెల్లవారేసరికి లోకంలోని పెట్టెలన్నీ తెలివి మీరాయి!

మధ్యాహ్నం పెద్దన్నయ్య తాను ఆగబోయే చోట్ల అంకెలు ఒక కాగితం మీద రాసుకుంటూ కూచున్నాడు. పక్కన కూచున్న బుజ్జి, "అన్నయ్యా, పుస్తకంలో 33 డిగ్రీల 30 నిమిషాలు అని ఉన్నది. నువ్వు 33.30 అని రాశావేం?" అన్నది.

"రెండూ ఒకటేగా!"

"ఎలా ఒకటవుతాయి? డిగ్రీకి 60 నిమిషాలు. 30 నిమిషాలంటే అర డిగ్రీ. 33.5 అని రాయాలి."

పెద్దన్నయ్య తెల్లబోయాడు. అక్షాంశం ఒక డిగ్రీ అంటే 111 కిలోమీటర్లు. వాడు రాసినదానికీ, అసలుదానికీ తేడా 0.2 డిగ్రీ. అంటే 22 కిలోమీటర్లు! చీకటిపడే వేళ, గుడారం ఉండవలసిన చోటుకు 22 కిలోమీటర్ల దూరాన నిలబడి, "పెట్టె తప్పు చెప్పింది" అని తిట్టుకునేవాడు. పెట్టె తప్పు చెప్పదు. మనం ఏ అంకె ఇస్తే ఆ అంకె దగ్గరికే తీసుకుపోతుంది. నేను బుజ్జికి అప్పటికప్పుడు ఒక మామిడిపండు బహుమానం ఇచ్చాను.

సాయంత్రం చంటి, "మామయ్యా, నీ పెట్టె మూల ఎందుకు గీసుకుపోయింది?" అని అడిగాడు. ఆ కథ ఎప్పుడో ఒకప్పుడు చెప్పవలసిందే.

పదేళ్ళ కిందట నేను ముగ్గురు స్నేహితులతో మనాలి పైన కొండల్లో నడుస్తున్నాను. గుడారం దగ్గర బయలుదేరేటప్పుడు పెట్టెలో గుర్తు పెట్టుకున్నాను. మధ్యాహ్నం రెండు గంటలకు మబ్బు దిగింది. ఎదటివాడి టోపీ కూడా కనబడటం లేదు. ఒకడి ఫోను చలికి అప్పటికే ఆరిపోయింది. నేను పెట్టె తీసి గుడారం గుర్తు నొక్కాను. బాణం కుడివైపుకు చూపింది. "900 మీటర్లు" అన్నది. "ఇంతేనా! పదండి," అంటూ ఒకడు బాణం చూపినవైపు గబగబా నడిచాడు. పది అడుగులు పోయాడో లేదో, వాడి కాలి కింద రాయి ఒకటి జారింది. అది పడిన చప్పుడు కోసం చెవులు రిక్కించి విన్నాం. చప్పుడు చాలాసేపటికిగాని రాలేదు. ముందు లోయ ఉన్నది! వాడి చెయ్యి పట్టి వెనక్కు లాగేటప్పుడే నా చేతిలోని పెట్టె రాతికి కొట్టుకుని మూల గీసుకుపోయింది.

బాణం అబద్ధం చెప్పలేదు. గుడారం అటే ఉన్నది, 900 మీటర్ల దూరానే ఉన్నది. కాని బాణం చూపేది దారం లాగి పట్టినట్టు తిన్నని గీత. మధ్యలో లోయ ఉన్నదో, ఏరు ఉన్నదో దానికేం తెలుసు? అప్పుడు నేను పెట్టెలో రెండో మీట నొక్కాను. పొద్దున్నుంచీ మేము నడిచి వచ్చిన జాడ చుక్కలు చుక్కలుగా కనబడింది. హాన్సెల్, గ్రెటెల్ అనే పిల్లలు అడవిలో రొట్టెముక్కలు జారవిడుస్తూ పోయిన కథ మీరు వినే ఉంటారు. ఆ ముక్కలను పక్షులు తినేశాయి. ఈ చుక్కలను తినే పక్షులు లేవు. ఆ జాడ పట్టుకుని, వచ్చిన వంకరటింకర దారినే తిరిగి నడిచాం. 900 మీటర్లకు రెండు గంటలు పట్టింది. అయితేనేం, నలుగురం గుడారం చేరాం.

"నా పెట్టెలో పటం లేదు, రంగులు లేవు," అన్నాను. "కాని ఆ వేళ అన్నీ మూగవైపోయినా ఇది ఒక్కటీ మాట్లాడింది. అదిరా కొనేటప్పుడు చూసుకోవలసిన గుణం!"

ఇంతసేపూ అమ్మమ్మ తమలపాకులు తుడుచుకుంటూ వింటున్నది. ఆవిడ నెమ్మదిగా, "ఒరే నాయనా, ఆ చుక్కలవాళ్ళకు మన కుర్రవాడు ఎక్కడున్నదీ తెలుస్తూనే ఉంటుంది గదా! ఏదన్నా అయితే వాళ్ళే మనకు కబురు చేస్తారు గదా!" అన్నది.

అందరూ నవ్వబోయారుగాని, నేను నవ్వలేదు. చాలామంది పెద్దవాళ్ళూ అలాగే అనుకుంటారు.

"లేదమ్మా," అన్నాను. "ఈ పెట్టెకు చెవులే గాని నోరు లేదు. ఉపగ్రహాలకు వీడెవడో తెలియదు. వాడెక్కడున్నాడో పెట్టె వాడికి చెబుతుంది. మనకు చెప్పదు."

అమ్మమ్మ చేతిలో ఆకు అలాగే ఉండిపోయింది. పెద్దన్నయ్య కూడా ఆ మాట అంతవరకూ ఆలోచించినట్టు లేదు.

"నోరున్న పెట్టెలు కూడా ఉన్నాయి గదా మామయ్యా?" అన్నాడు కాసేపటికి.

"ఉన్నాయి. ఆపదలో ఉపగ్రహం ద్వారా కబురు పంపుతాయి. చాలా దేశాల్లో కొండలెక్కేవాళ్ళ ప్రాణాలు కాపాడుతున్నాయి. కాని మన దేశంలో ప్రభుత్వ అనుమతి లేకుండా అలాంటివి ఉంచుకోవటం నేరం. తెలియక తెచ్చుకున్న విదేశీయులను విమానాశ్రయాల్లో ఆపి కేసులు పెట్టిన సందర్భాలున్నాయి. కొనేటప్పుడు అది వినేదేనా, మాట్లాడేదా అని అడిగి తీరాలి."

"మరి అమ్మమ్మకు కబురెలా?" అన్నది బుజ్జి.

దీనికి జవాబు పెద్దన్నయ్యే చెప్పాడు. లేచిపోయి ఒక తెల్ల కాగితం తెచ్చుకున్నాడు. ఏ తేదీని ఏ ఊళ్ళో ఉంటాడో, ఎక్కడ నుంచి నడక మొదలు పెడతాడో, ఏ రోజుకు తిరిగి వస్తాడో వరసగా రాశాడు. ఇద్దరు స్నేహితుల ఇళ్ళ టెలిఫోను నంబర్లు రాశాడు. అడుగున, "ఫలానా తేదీ సాయంత్రంలోగా నా దగ్గర నుంచి ఫోను రాకపోతే వెతికించండి" అని రాసి అమ్మమ్మ చేతికిచ్చాడు. ఆవిడ ఆ కాగితం మడిచి దేవుడి గూట్లో పెట్టింది.

చివరకు ఏం కొన్నాడంటారా? పెద్ద తెర మాట మానేశాడు. మీటలున్న చిన్న పెట్టె, దిక్సూచి ఉన్న రకం, కొన్నాడు. మిగిలిన డబ్బుతో బండికి మంచి బిగింపు, కరెంటు తీగ, రెండు జతల లితియం బ్యాటరీలు, ఒక కాగితపు పటం కొన్నాడు. అన్నిటికన్నా ముఖ్యం, ఈ నెలంతా ఆదివారాల్లో హైదరాబాదు చుట్టుపక్కల గుట్టలకు పోయి, దాన్ని వాడటం నేర్చుకుంటున్నాడు. ఆపద వచ్చినప్పుడు విప్పి చదువుకోవటానికి కాదు గదా, పెట్టెతో ఇచ్చే పుస్తకం!

ఇక మీకు ఈ నెల పని. ఇంట్లో పెద్దవాళ్ళ సెల్‌ఫోను అడిగి తీసుకుని, మీ ఇంటి అక్షాంశ రేఖాంశాలు కనుక్కోండి. దశాంశాల్లో ఉంటే డిగ్రీలూ నిమిషాలుగా మార్చండి. తరవాత మీ బడివీ కనుక్కోండి. రెండు చోట్లనూ కాగితం మీద పెట్టి తిన్నగా గీత గీయండి. ఆ గీత మీద నడిచి బడికి పోగలరా? మధ్యలో ఎవరి దొడ్డి గోడ, ఏ చెరువు అడ్డం వస్తుందో చూడండి. అప్పుడు మీరు రోజూ నడిచే వంకరదారి ఎంత తెలివైనదో తెలుస్తుంది.

అన్నట్టు, చంటి ఇప్పుడు తోటలోకి పోయేటప్పుడల్లా వంటింట్లోకి తొంగి చూసి, "అమ్మమ్మా, నేను రెండో మామిడిచెట్టు దగ్గరికి పోతున్నాను. అన్నం వేళకు రాకపోతే వెతికించు," అని చెప్పి మరీ పోతున్నాడు.

ఉంటాను మరి.
మీ మామయ్య